వెదకువాని పదము, వ్రాయువాని పదము: కర్నూలు, కడప సీమల అంతర్జాల రచనపై ఒక విమర్శ

1. విషయ ప్రవేశము

గ్రంథాదియందు అనుబంధ చతుష్టయమును నిర్దేశించుట మన శాస్త్రకారుల సంప్రదాయము. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను నాలుగింటిని ముందుగా తెలిపిననే గాని వివేకియైన పాఠకుడు గ్రంథమున ప్రవర్తింపడని వారి మతము. ఇందు అధికారి యనగా ఆ గ్రంథమునకు తగినవాడు, దానిని కోరువాడు. తాళపత్ర యుగమున అధికారి గురువు కడకు పోయి గ్రంథమును పొందెడివాడు. అచ్చు వచ్చిన పిమ్మట పుస్తకాలయమునకు పోయి పట్టికలో దాని పేరు చూచికొనెడివాడు. నేడు శోధనయంత్రమున రెండు మూడు పదములు వ్రాసి ఫలితములకై నిరీక్షించుచున్నాడు. ఆ రెండు మూడు పదములకే కీలకపదములని పేరు, వ్యవహారమున కీవర్డులందురు.

ఒక విషయమును గూర్చి జనులు ఏయే పదములతో వెదకుచున్నారో ముందుగా తెలిసికొని, ఆ పదములను శీర్షికయందును తొలి వాక్యములయందును నిలిపి రచన సాగించుట ఇప్పుడొక విద్యగా పరిణమించినది. చదువరులు పెరుగవలెనని కోరు ప్రతి అంతర్జాల రచయితకును ఇది మొదటి పాఠము. ఈ విద్య తెలుగు రచనకు ఎంతవఱకు ఉపకారకము, ఎచ్చట అపకారకము అని విచారించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ఈ విచారణకు కర్నూలు, కడప సీమలను ఎన్నుకొనుటకు రెండు కారణములు కలవు. నిత్యవ్యవహారమున ఇచటి పదములు కోస్తా పదములకును తెలంగాణ పదములకును పెక్కుచోట్ల భిన్నములు. మఱియు ఇచటి స్థలనామములు రాజకార్య వశమున పలుమార్లు మాఱినవి. వెదకువాని పదమును వ్రాయువాని పదమును వేఱగుటకు ఇంతకంటె అనువైన నేల తెలుగుదేశమున అరుదు.

2. పూర్వవిద్యలు

నిఘంటు నిర్మాణమున రెండు మార్గములు కలవు. అర్థమునుండి పదమునకు పోవుట ఒకటి. పదమునుండి అర్థమునకు పోవుట రెండవది. అమరకోశమును, తెలుగున పైడిపాటి లక్ష్మణకవి రచించిన ఆంధ్రనామ సంగ్రహమును మొదటి మార్గమునకు చెందినవి. వీనియందు పదములు వర్గములుగా కూర్పబడినవి. ఒక వస్తువునకు గల పేళ్లన్నియు ఒకచోట లభించును. అకారాది నిఘంటువులు రెండవ మార్గమునకు చెందినవి. పదము తెలిసినవాడే వానిలో అర్థమును కనుగొనగలడు.

ఈ దృష్టితో చూచినచో కీలకపద పరిశోధన అపూర్వమైన వస్తువు కాదు. రచయితకు విషయము తెలియును. దానికి లోకమున నెన్ని పేళ్లున్నవో తెలియవలెను. ఇది వర్గనిఘంటువు చేయు పని. పాఠకునకు పేరొకటి తెలియును. ఆ పేరితో అతడు విషయమును చేరవలెను. ఇది అకారాది చేయు పని. కొత్త విద్య ఈ రెండింటిని జోడించుచున్నది. భేదమెల్ల ఒక్కటే. అమరకోశమున పర్యాయపదములన్నియు సమానములు. కొత్త పట్టికలో ప్రతి పదము ప్రక్కనొక సంఖ్య యుండును. ఆ సంఖ్యను చూడగనే రచయిత మనస్సు పెద్ద సంఖ్య వైపు మొగ్గును. ఈ మొగ్గునే మనము విమర్శింపవలసియున్నది.

వ్యవహార పదములను వెదకి పట్టుకొను విద్యకు కడప ఒక విధముగా పురిటిగడ్డ. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి, అచట తెలుగు నేర్చి, పండితులను నియమించి వ్రాతప్రతులను సేకరింపజేసెను. 1829లో వేమన పద్యములను ప్రకటించెను. 1852లో అతని తెలుగు ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది. 1854లో వెలువడిన మిశ్రభాషా నిఘంటువు మన ప్రకరణమునకు మఱింత సన్నిహితము. కచ్చేరీలలోను, లెక్కలలోను, బేరసారములలోను తెలుగువారు వాడుచుండిన అన్యదేశ్యములను అతడందు కూర్చెను. ఆ పదములు శిష్టములా కావా యని అతడు ఆగలేదు. అర్జీ వ్రాయువాడు ఏ పదము వాడునో ఆ పదము నిఘంటువున లేనిచో నిఘంటువు వ్యర్థమని అతని అభిప్రాయమని గ్రంథ స్వరూపమే చెప్పుచున్నది.

శాస్త్రీయముగ ఈ పనిని తెలుగున సాగించినది భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశము. వ్యవసాయ పదములకు సంబంధించిన మొదటి సంపుటమును ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రకటించినది. ఒక పనిముట్టునకు గాని ఒక పనికి గాని ఏ జిల్లాలో ఏ పేరున్నదో అందు చూపబడినది. నేటి పట్టికలలో సంఖ్య యున్నది, చోటు చాలవఱకు మఱుగుపడినది. ఆ కోశమున చోటున్నది, సంఖ్య లేదు. రాయలసీమను గూర్చి వ్రాయువానికి ఈ రెండును కావలెను.

3. సంఖ్యల బలాబలములు

సంఖ్యను ప్రమాణముగ గ్రహించుటకు ముందు దాని పుట్టుకను పరీక్షింపవలెను. 2006 నుండి గూగుల్ సంస్థ ప్రకటించుచున్న ట్రెండ్సు పట్టికలో కనబడు అంకెలు వెదకినవారి లెక్క కాదు. ఎంచుకొన్న కాలములో మిక్కిలి ఎక్కువైన ఘట్టమును 100గా భావించి, తక్కిన వానిని దానితో పోల్చి చూపిన నిష్పత్తులు మాత్రమే. వెదకులాట స్వల్పమైనచోట పట్టిక సున్న చూపును. ఆ సున్నకు వెదకువారు లేరని అర్థము కాదు. లెక్క చూపుటకు చాలినంత మంది లేరని మాత్రమే అర్థము. ప్రకటనకర్తలకై ఏర్పఱచిన కీవర్డ్ ప్లానర్ అను సాధనమును పెక్కుమార్లు ఖచ్చితమైన సంఖ్యను గాక స్థూలమైన అవధులనే యిచ్చును. పెద్ద భాషల రచయితలకు ఈ లోపము అంతగా బాధింపదు. ఒక మండలపు మాటకు ఇది ప్రాణాంతకము కావచ్చును.

రెండవ చిక్కు లిపి. తెలుగువారిలో పెక్కుమంది తెలుగు మాటను రోమను అక్షరములలో వ్రాసి వెదకుదురు. ఒకే మాట ఒకని చేత ఒక విధముగ, మఱొకని చేత వేఱొక విధముగ వ్రాయబడును. దానితో ఒక పదమునకు రావలసిన లెక్క నాలుగైదు పాళ్లుగా చీలిపోవును. యూనికోడునందు తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, ఆ తరువాతను చాలకాలము పత్రికలును రచయితలును తమతమ సొంత ఖతుల సంకేతములతో అంతర్జాలమున ప్రకటించిరి. ఆ కాలపు వ్రాతలు కంటికి తెలుగే గాని శోధనయంత్రమునకు అర్థరహితమైన గుర్తుల వరుసలు.

మూడవ చిక్కు భాషా స్వభావమునకు చెందినది. తెలుగున నామము వాక్యమున ప్రవేశింపగనే రూపము మార్చుకొనును. ఔపవిభక్తికములని బాలవ్యాకరణము చెప్పిన శబ్దములయందు ఈ మార్పు మిక్కిలి స్ఫుటము. నాపరాయి యను మాట నాపరాతి యగును. ఇల్లు ఇంటి యగును. ఊరు ఊరి యగును. వెదకువాడు సాధారణముగ ప్రథమా విభక్తిలోనే వెదకును. రచయిత తన వ్యాసమంతట నాపరాతి గోడ, నాపరాతి గని, నాపరాతి ధర యని వ్రాసి, నాపరాయి యని ఒక్కచోటనైన వ్రాయకున్నచో అక్షరములను పోల్చి చూచు యంత్రము తప్పిపోవుటకు అవకాశము కలదు. సంధి చేసి వ్రాసిన పదములకును ఇదే గతి. కావున శీర్షికయందు ప్రధాన నామమును ప్రథమాంతముగ, సంధి విడచి వ్రాయుట తెలుగు రచయితకు కీలకపద విద్యలోని మొదటి మెళకువ. ఆంగ్లమునుండి అనువదించిన ఉపదేశములలో ఇది కానరాదు. ఆ భాషలో దీని యవసరము స్వల్పము.

4. ఉదాహరణ విచారణ

ఇక పదములను పరీక్షింతము. వడ్లనుండి తయారగు తేలికైన వేపుడు గింజలకు కోస్తాలో మరమరాలని పేరు. కర్నూలు, కడప సీమలలో బొరుగులు. వీనిని నీట తడిపి పిండి, ఉల్లిపాయ పచ్చిమిరపకాయల తిరగమోతలో కలిపి, పుట్నాల పొడి చల్లినచో ఉగ్గాని యగును. దీనికి తోడు మిరపకాయ బజ్జీ. ఈ వంటకమును గూర్చి వ్రాయు రచయితకు సంఖ్యాపట్టిక మరమరాల ఉప్మా యను శీర్షికను సూచించినదనుకొందము. అతడా సూచనను శిరసావహించినచో ఏమగును? ఉగ్గాని తిని పెరిగినవాడు దూరదేశమునుండి ఆ పేరితో వెదకినప్పుడు ఆ వ్యాసము అతనికి దొరకదు. మరమరాల ఉప్మా యని వెదకినవానికి అట్టి వ్యాసములు అంతకుముందే కుప్పలుగ నున్నవి. వానిలో ఇది యొకటియై అడుగున పడియుండును. ఇట్లు రచయిత ఇరుప్రక్కల నష్టపోవును.

ఈ నష్టమునకు శాస్త్రాధారము కలదు. లక్ష్యమున నెల్లెడల కనబడు పదము ఏ పత్రమును ప్రత్యేకింపజాలదు. కొలది పత్రములలో మాత్రమే కనబడు పదమునకు భేదకశక్తి యెక్కువ. ఈ సూత్రమును కారెన్ స్పార్క్ జోన్స్ అను విదుషి 1972లో ప్రతిపాదించినది. శోధనవిద్యకు నేటికిని ఇది మూలసూత్రములలో నొకటి. దీనినిబట్టి అరుదైన మాండలిక పదము రచనకు భారము కాదు. దానిని తక్కిన వానినుండి వేఱుచేయు గుర్తు. అలసందలు, బొబ్బర్లు; గుంతపొంగణాలు, గుంటపునుగులు; ఇట్టి జంటలన్నింటను ఇదే న్యాయము. ఒక్క వేరుశనగకే కర్నూలు పల్లెలలో బుడ్డలు, కడప వైపు చెనిక్కాయలు, తెలంగాణమున పల్లీలు అను పేళ్లున్నవి. బుడ్డల సాగును గూర్చి తన అనుభవమును వ్రాయు కర్నూలు రైతు బుడ్డలను వదలి పల్లీల నాశ్రయించినచో అతని ప్రక్క పొలమువాడే అతనిని కనుగొనలేడు.

ఇందుకు ప్రతిగా, సొంత పదము మాత్రమే చాలదని చూపు ఉదాహరణమును కలదు. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు, బేతంచెర్ల ప్రాంతములలో గనులనుండి తీయు పలకరాళ్లను అచటివారు బండలనియు నాపరాళ్లనియు పిలుతురు. ఆ నేలమీద నిలిచినవానికి అవి ఏ ఊరివని చెప్పనక్కఱ లేదు. బయటివాడో, కడపరాయి యని వెదకును. వస్తువు ఊరు దాటినంతనే ఊరిపేరు వస్తువునకు పేరగుట లోకరీతి. 1872లో విలియం కింగ్ అను భూవిజ్ఞాని ఈ ప్రాంతపు శిలాసముదాయములకు కడప, కర్నూలు అను పేళ్లనే స్థిరపఱచెను. విచిత్రమేమనగా, విపణిలో కడపరాయి యనబడు పలకలలో చాలభాగము ఆ శాస్త్ర విభజనలో కర్నూలు సముదాయమునకు చెందిన నార్జి సున్నపురాయి. గనివాడు బండ యనును, కొనువాడు కడపరాయి యనును, శాస్త్రజ్ఞుడు నార్జి యనును. మువ్వురును అధికారులే; మువ్వురి ప్రయోజనములును వేఱు. వెదకులాటలను జ్ఞానార్థములు, స్థానప్రాప్త్యర్థములు, కార్యార్థములు అని మూడుగా ఆండ్రీ బ్రోడర్ 2002లో విభజించెను. పదమును చూచుట చాలదు, పదము వెనుకనున్న ప్రయోజనమును చూడవలెనని ఆ విభజన తాత్పర్యము. మన వారు అధికారిని ప్రయోజనముతో జోడించి చెప్పుటలో నున్న తాత్పర్యమును ఇదియే.

స్థలనామముల కథ మఱింత చిక్కైనది. దత్తమండలములని పిలువబడుచుండిన ఈ భూభాగమునకు రాయలసీమ యను పేరు 1928లో నంద్యాల సభలలో ఏర్పడినది. అంతకు పూర్వపు పత్రములను రాయలసీమ యను మాటతో వెదకువానికి ప్రాయికముగ ఏమియు దొరకదు. కర్నూలునకు కందనవోలని పూర్వనామము. కడప పేరునకు ఆంగ్ల పాలకులు కల్పించిన వర్ణక్రమము 2005లో ప్రభుత్వాజ్ఞచే మాఱినది. 2010లో జిల్లాకు వై.యస్.ఆర్. జిల్లా యని పేరు పెట్టబడినది; 2025లో వై.యస్.ఆర్. కడప జిల్లా యని సవరింపబడినది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడుటచే అహోబిలము, మహానంది, యాగంటి, బెలుం గుహలు కర్నూలు జిల్లానుండి విడివడినవి. 3229 మీటర్ల పొడవు కొలువబడిన ఆ బెలుం గుహలు కర్నూలు జిల్లాలోనివని చెప్పు పాత వ్యాసములు నేటికిని అంతర్జాలమున అసంఖ్యాకముగ నున్నవి.

ఇట్టి చోట్ల పాతపేరు చచ్చిన పేరు కాదు. కె.సి. కాలువయే ఇందుకు సాక్ష్యము. సుంకేసుల కడ తుంగభద్రనుండి బయలుదేరు ఈ కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించినది; 1882లో ప్రభుత్వము దానిని కొన్నది. కె.సి. యనునది కర్నూలు, కడపల తొలి అక్షరములు. అందు రెండవ అక్షరము రద్దయిన పాత ఆంగ్ల వర్ణక్రమమునుండి వచ్చినది. జిల్లాపేరు ముమ్మారు మాఱినను కాలువపేరున ఆ అక్షరము చెక్కుచెదరలేదు. రైతునకు కె.సి. యనిననే తెలియును. ఈ కాలువను గూర్చి వ్రాయువాడు పేరు విడదీసి చెప్పి, రెండు వర్ణక్రమములను తెలిపి, పిమ్మట కథకు దిగినచో పాత పత్రములు చూచువానికిని కొత్తగా వెదకువానికిని ఉపకరించును. బనగానపల్లె ఊరిపేరు, బంగినపల్లి మామిడిపేరు; 2017లో ఆ ఫలమునకు భౌగోళిక గుర్తింపు ఊరి రూపముననే లభించినది. ఈ రెండు రూపములను ఒకచోట చూపని వ్యాసము సగము మందికి మూసిన తలుపు.

5. అరువు పేళ్లు

కడప జిల్లా జమ్మలమడుగునకు చేరువను ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్న పాఱుచున్నది. ఆ చీలికపై నిలిచినది గండికోట. దీనిని గూర్చిన వ్యాసములలో ఎన్నియో భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అను శీర్షికతో వెలువడుచున్నవి. లోకమున ప్రసిద్ధమైన పేరును ముందు నిలిపినచో వెదకువారు దొరకుదురను లెక్క స్పష్టము. ఈ లెక్కను విమర్శ దృష్టితో పరీక్షింపవలెను.

గండి యను మాటకు నది కొండను చీల్చుకొనిన చోటని అర్థము. అదే కడప జిల్లాలో వేంపల్లె కడ పాపాఘ్ని కొండను చీల్చిన చోటునకును గండి యనియే పేరు. అచటి ఆంజనేయుని క్షేత్రము ఆ పేరితోనే ప్రసిద్ధము. కావున గండికోట యను శబ్దము యోగరూఢము. అవయవార్థము చీలికను చెప్పుచున్నది, రూఢి ఈ కోటను చెప్పుచున్నది. అరువు తెచ్చిన పేరు చెప్పదలచినదంతయు సొంత పేరున ముందే యున్నది. పైగా అరువు పేరు పోలికను రేకెత్తించి వస్తువును చిన్నబుచ్చును. కొలరాడో నది గండి 446 కిలోమీటర్ల పొడవు, ఒక మైలుకు మించిన లోతు గలది. దానితో తూచినచో పెన్న గండి అల్పముగ తోచుట సహజము. పెన్న గండి విశేషము కొలతలో లేదు. ఆ గండినే అగడ్తగా గైకొని కోటను నిర్మించిన యుక్తిలో నున్నది. శీర్షిక పాఠకుని ఆ యుక్తి వైపు త్రిప్పవలసియుండగా కొలత వైపు త్రిప్పుచున్నది. పాఠకుడు వచ్చును, వచ్చినవాడు తప్పు చోట నిలుచును.

రాయలసీమ యను పేరునకే ఇట్టి యాపద ఒకటి కలదు. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర వంటి చలనచిత్రములు ఈ సీమను వంశకక్షలతో ముడివేసి దేశమంతట చూపినవి. ఆ కుతూహలము వెదకులాటలలో ప్రతిఫలించును. ఆ ప్రతిఫలమును చూచి రచయిత కక్షలను గూర్చియే వ్రాయును. ఆ వ్రాతలను చదివినవాడు మరల ఆ పదములతోనే వెదకును. ఇది అన్యోన్యాశ్రయ దోషము. కఱవును, కాలువలను, గనులను, శాసనములను గూర్చిన వ్రాతలకు వెదకువారు లేరని పట్టిక చెప్పును. లేనిది చదువరియా, చదువదగిన వ్రాతయా యని పట్టిక నడుగుటకు వీలులేదు.

6. దోష వివేచనము

ఈ విద్యవలన రచనలో పుట్టు దోషములను మన ఆలంకారికులు ముందే పేర్కొనిరి. మొదటిది పునరుక్తి. కీలకపదమును వాక్యమునకొకమారు పలికించినచో యంత్రము మెచ్చునను భ్రమ ఒకప్పుడు ప్రబలముగ నుండెను. నేటికిని పూర్తిగ తొలగలేదు. కంటికి కనబడని పేజీ తలకట్టులో కీలకపదముల జాబితా నింపెడి వాడుకయు నుండెను. వెదకులాట ఫలితముల వరుసను నిర్ణయించుటలో ఆ జాబితాను తాము లెక్కింపమని గూగుల్ సంస్థ 2009లో ప్రకటించినది. సారహీనమైన పేజీలను క్రిందికి నెట్టు మార్పును 2011లో ప్రవేశపెట్టినది. అనగా యంత్రమును గూడ పునరుక్తిని దోషముగనే గణించుట నేర్చినది.

రెండవది అప్రతీతము, ఒక శాస్త్రమున మాత్రమే తెలిసిన పదమును లోకము నడుమ వాడుట. మూడవది గ్రామ్యము, పామర వ్యవహారమునకే పరిమితమైన పదమును వాడుట. బొరుగులను గ్రామ్యమని త్రోసివేయువారు మరమరాలును ఒక సీమ వ్యవహారమే యని మఱచుచున్నారు. బొరుగులు గుంటూరువానికి ఎంత అప్రతీతమో మరమరాలు ఆదోని పల్లెవానికి అంత. కోస్తా మాట శిష్టమైనది ముద్రణ బలముచేత. సంఖ్యాపట్టిక ఆ బలమునే మరల లెక్కించి చూపుచున్నది.

7. పూర్వపక్షము, సిద్ధాంతము

ఇట నొక పూర్వపక్షము పుట్టును. నేటి యంత్రము పర్యాయపదములను తానే గ్రహించుచున్నది; బొరుగులని వెదకినను మరమరాలని వ్రాసిన పత్రమును చూపగలదు; కావున ఏ పదము వాడినను ఒక్కటే యని కొందఱందురు. ఈ వాదము పైకి రమ్యము. కాని యంత్రము పర్యాయతను ఎట్లు గ్రహించుచున్నది? రెండు పదములును ఒకే విధమైన పదముల సాంగత్యమున కనబడుటచేత. పదార్థమును దాని సాహచర్యమునుబట్టి తెలియవలెనని 1957లో ఫర్త్ అను భాషావేత్త చెప్పెను. అర్థనిర్ణయ హేతువులలో సాహచర్యమును వాక్యపదీయము అంతకు ఎంతయో పూర్వమే లెక్కించినది. ఎవ్వరును బొరుగులని వ్రాయనిచో ఆ మాటకు సాహచర్యమే లేదు. సాహచర్యము లేని మాటను ఏ యంత్రమును నేర్వజాలదు. వ్రాతలనుండియే భాషను నేర్చుకొను యంత్రములు వచ్చిన ఈ కాలమున, వ్రాయబడని పదము పలుకబడుచున్నను లేని పదముతో సమానమగును.

రెండవ పూర్వపక్షము జీవనమునకు చెందినది. ప్రకటనల రాబడిపై ఆధారపడు రచయిత పెద్ద సంఖ్యను విడుచుటెట్లు? ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. పాఠకుడు లేని రచన ఆత్మతృప్తికి మాత్రమే పనికివచ్చును. కాని పెద్ద సంఖ్య గల పదమునకు పోటీయు పెద్దది. ప్రసిద్ధ పదము వెంటబడి నూరవ స్థానమున నుండుటకంటె, కొలదిమంది కోరు పదమున మొదటి స్థానమున నుండుట లాభమే. ఉగ్గాని యని వెదకువారు నలుగురే కావచ్చును. ఆ నలుగురును కోరివచ్చినవారు, తుదివఱకు చదువువారు.

కావున సిద్ధాంత మిది. సంఖ్య ద్వారమును నిర్ణయింపవచ్చును, విషయమును నిర్ణయింపరాదు. రచయిత తనకు తెలిసిన విషయమును ఎన్నుకొని, దాని సీమపేరును శీర్షికయందు ప్రథమాంతముగ నిలుపవలెను. తొలి వాక్యముననే లోకప్రసిద్ధమైన పేరును పర్యాయముగ చెప్పవలెను: ఉగ్గాని యనునది మరమరాలనబడు బొరుగులతో చేయు కర్నూలు వంటకము, అను రీతిని. స్థలనామము మాఱినచో మాఱిన సంవత్సరముతో రెండు పేళ్లను ఒకమారు తెలుపవలెను. అటుపిమ్మట పదమును రచనయొక్క అవసరమునకు మించి ఆవర్తింపరాదు. ఏ పేళ్లు గలవో తెలియుటకు సంఖ్యాపట్టికతో పాటు బ్రౌను నిఘంటువులను, మాండలిక వృత్తిపదకోశమును, అన్నింటికంటె ముఖ్యముగ సంతలో బేరమాడువారి నోటిమాటను సంప్రదింపవలెను.

ఇందు విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలకును ఒక కర్తవ్యము కలదు. వృత్తిపదకోశములలోని మాటలు జిల్లాలవారీగ, పర్యాయములతో, యంత్రము చదువగల లిపిలో అంతర్జాలమున సులభముగ లభించునట్లు చేసినచో రాయలసీమ రచయితకు అంతకు మించిన కీలకపద సాధనము అక్కఱలేదు. బ్రౌను పండితులను కూర్చుకొని కడపలో ప్రారంభించిన పని అట్టిదే. అతడు మాటను చోటుతో సహా పట్టుకొనెను. నేటి పట్టికలు మాటను సంఖ్యతో సహా పట్టుకొనుచున్నవి. చోటును సంఖ్యకు బలియిచ్చిన రచనకు చదువరులు కొంతకాలము పెరుగవచ్చును. కాని బుడ్డలు పండించువాడు, కె.సి. కాలువ నీటికై ఎదురుచూచువాడు, గండిని గండియని పిలుచువాడు ఆ రచనలో తన్ను తాను వెదకికొని కానక వెడలిపోవును. వ్రాయబడినది ఎవనిని గూర్చియో వానికే దొరకని రచనను సఫలమని విమర్శకుడు అంగీకరింపజాలడు.